ఉబ్బసం ఎవరి వైపుది

మార్చి 9, సోమవారం.

ఈ రోజు పనులు: దుప్పట్లు నాలుగు, దిండు గలేబులు ఆరు వేన్నీళ్లలో ఉతికాను. వెనక గది గోడకు తేమతో పట్టిన బూజు సబ్బునీళ్లతో కడిగాను. మందుల షాపుకు ఒకసారి, ఆసుపత్రికి ఒకసారి వెళ్లాను. ఉత్తరం ఒకటి, ఇదే.

ప్రియమైన వదినకు,

మీరు కులాసా అని తలుస్తాను. మేమూ అలాగే ఉన్నామని రాయడం అలవాటు. ఈసారి రాయను.

పోయిన వారం మీరు వచ్చి, ఒకటో తారీఖు నుంచి చిన్నదాన్ని మీ బేకరీకి పంపమన్నారు. పద్దెనిమిదేళ్ల పిల్ల ఊరికే ఇంట్లో కూర్చోవడం దేనికన్నారు. "కౌంటర్లో దగ్గుతూ నిలబడితే కొనేవాళ్లు పారిపోతారు. లోపల పిండి జల్లించుకుంటూ కూర్చుంటుందిలే," అన్నారు. ఉబ్బసం ఉన్న పిల్లను పిండి గదిలో ఎలా పెడతామని నేనంటే నవ్వారు. "మా ఇంట్లో ఎవరికీ లేని జబ్బు. మీ పుట్టింటినుంచి మోసుకొచ్చి ఇప్పుడు మమ్మల్ని అడిగితే ఎట్లా?" మీ తమ్ముడు ఖాళీ అయిన గ్లాసులోంచి ఇంకా నీళ్లు తాగుతున్నట్టే కూర్చున్నారు. తల్లిదండ్రులు పోయాక ఆయన్ను పెంచింది మీరు. ఇరవై రెండేళ్లుగా మీ దగ్గరే పిండి కలుపుతున్నారు. మీ ఎదుట ఆయనకు నోరు పెగలదు.

ఆ మాట నాకు కొత్త కాదు. ఏడాది పిల్లప్పుడు దాని గొంతులో మొదటిసారి పిల్లికూతలు వినిపించినప్పటినుంచీ వింటున్నాను. చన్నీళ్లు తాగనిచ్చానని, తలతడి సరిగా ఆర్చలేదని, చివరికి నా వంశమే అలాంటిదని. నేను నమ్మాను. అందుకే పదిహేడేళ్లుగా దాని ఆయాసాన్ని నోటుపుస్తకాల్లో రాస్తున్నాను. ఏ రోజు, ఎన్ని గంటలకు, అంతకుముందు ఏం తిన్నది, ఎన్నిసార్లు మందు పీల్చింది. నా తప్పు ఏదో ఒక వరుసలో దొరక్కపోతుందా అని.

ఈ రోజు డాక్టరమ్మ ఆ పుస్తకాలు పక్కన పెట్టి మమ్మల్ని ప్రశ్నలు అడిగింది. ఈ జబ్బు కొందరికే ఎందుకొస్తుందంటే ఒక్క కారణం చెప్పలేమంది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువట. పసితనంలో ఒంటిమీద దురద పొక్కులు, ఊపిరితిత్తుల జబ్బులు, ఇంట్లో పొగ, పనిచోటి దుమ్ము, ఇలాంటివి కూడా తోడవుతాయట. "మీ ఇద్దరిలో ఎవరికైనా చిన్నప్పుడు ఉండేదా?" అని అడిగింది. "నాకు లేదండీ," అని ఠక్కున అన్నాను. మీ తమ్ముడు చెప్పులకేసి చూస్తూ, "నాకు పదేళ్లదాకా ఉండేదండి. అక్క నన్ను వీపున వేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తేది," అన్నారు.

మోసిన మనిషి మర్చిపోయిందంటే నేను నమ్మను. బస్సులో ఆయన్ను అడిగాను, ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని. "అక్క అంత మాట అన్నాక కాదంటే ఏం బాగుంటుంది?" అన్నారు. మీ ఇద్దరి మధ్యా బాగుండడం కోసం నేను పదిహేడేళ్లు దోషిగా నిలబడ్డాను.

చిన్నదాన్ని పంపను. దీనికి మీరేమంటారో రాయండి.

మీ మరదలు

*

మార్చి 17, మంగళవారం.

ఈ రోజు పనులు: వంట ఒక్క పూటే. ఇల్లు ఊడవలేదు.

వదినకు,

మీ జవాబు అందింది. ఒకే వాక్యం. "ముందు మీ అక్కను అడిగి, తర్వాత నన్నడుగు." కోపంతో రాశారనుకున్నాను. అయినా ఏ లెక్కనూ సగంలో వదలడం నాకు చేతకాదు కాబట్టి ఫోన్ చేశాను.

అక్క నవ్వింది. "నీకు లేకపోవడమేమిటే? మోచేతి మడతల్లో రసి కారేదాకా గోక్కునేదానివి. అయిదేళ్లొచ్చేవరకూ చలికాలమంతా పిల్లికూతలే. బలహీనురాలని పేరొస్తుందని అమ్మ ఆ మాట ఎత్తనిచ్చేది కాదు. మీ వదిన అడిగితే ఓసారి నేనే నోరు జారాను."

అంటే మీకు రెండు వైపుల సంగతీ తెలుసు. ఒక వైపుదే చెప్పారు.

ఇంకోటి ఉంది. ఎవరూ నన్ను అడగకపోయినా రాస్తున్నాను. నిన్న డాక్టరమ్మ మీ తమ్ముడి ఊపిరి కూడా కొలిచి, పిండి గది మానేయమంది. ఆయన పనిబట్టలు ఇంట్లో ఎక్కడ దులుపుతారని అడిగింది. బాల్కనీలో దులిపితే కింది వాటావాళ్లు గొడవ పడేవారు. అందుకని రోజూ వెనక గదిలో తలుపేసి, పాత దుప్పటి పరిచి, చొక్కాను నాలుగుసార్లు విదిలించి, నేలను తడిగుడ్డతో తుడిచేదాన్ని. అంత శుభ్రంగా చేసే ఇల్లాలు లేదని నాకు గర్వం. పసిప్పుడు చిన్నదాని ఉయ్యాల ఆ గదిలోనే ఉండేది. నేలమీద పిండి కనబడకుండా చూశాను. గాలిలో ఉన్నది నాకు కనబడలేదు. జబ్బు దానివల్లే వచ్చిందని చెప్పలేం, మేలు మాత్రం చేసి ఉండదు అంది డాక్టరమ్మ. నా పుస్తకాల్లో ఆ పని ఒక్కరోజూ రాయలేదు. దాన్ని తప్పుల్లో వెతకాలని నాకు తోచలేదు.

చిన్నదాన్ని కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. "రెండు వైపులా సమానంగా పంచి ఇచ్చారన్నమాట. బాగుంది. ఇక నాకు ఎవరూ ఏమీ ఇవ్వకండి," అంది. నోటుపుస్తకాలను పక్కకు జరిపి, "నువ్వు మాత్రం ఆ పుస్తకాలు రాయడం మానెయ్యి అమ్మా. అవి చూస్తేనే నాకు ఆయాసం," అంది. వచ్చే సోమవారం నుంచి కళ్లద్దాల షాపులో పనికి వెళుతుంది. తనే వెళ్లి అడిగి కుదుర్చుకుంది.

మీ తమ్ముడు వచ్చే నెల నుంచి రావడం లేదు. మీతో ఆయనే చెబుతానన్నారు. చెప్పకపోతే ఈ ఉత్తరమే చెప్పిందనుకోండి. పెంచారు, కాదనను. దానికి ఆయన ఇరవై రెండేళ్లు, ఆయన ఊపిరీ మీ పిండి గదిలో పోశారు. అందులోకి నా కూతుర్ని కలపను.

మీరన్నదాంట్లో సగం నిజం. నా వైపునుంచీ వచ్చింది, నా చేతులమీదుగానూ వచ్చింది. మీరు దాచిన సగం గురించి నేనిక అడగను. అడిగినా మీరు రాయరు. నేను మీకు పడ్డ బాకీ ఈ ఒప్పుకోలు ఒక్కటే. నేటితో చెల్లు.

మీ మరదలు