చిన్నాన్న పేరు పక్కన ఎర్ర గడి

బిలాస్‌పూర్, మంగ్లా

నాన్నకి సుగుణ దండాలు. నీ మోకాలి నొప్పి ఎలాగుంది? అమ్మ దగ్గు తగ్గిందా? ఇక్కడ చిన్నాన్న, పిన్ని, నేను బాగానే ఉన్నాం. నా గురించి బెంగ పెట్టుకోకండి. వేళకి తింటన్నాను. ఎండలే మాడ్చేస్తన్నాయి.

ఉద్యోగం ఏటని అడిగేవు. చిన్నాన్న చేసే ప్రైవేటు వర్క్‌షాపులోనే, కంప్యూటర్ మీద. ఏ పనికి ఎవర్ని వెయ్యాలో ఇదివరకు ఫోర్‌మన్ నోటిమాటగా చెప్పేవాడు. ఇప్పుడు దానికో ప్రోగ్రాం వచ్చింది. ఒక్కో పనికి ఏం వచ్చుండాలో, ఏ పరీక్ష పాసై ఉండాలో, ఎవరికి ఏవి ఉన్నాయో నేను ఎక్కించాలి. పనికి కావలసింది ఆ మనిషికి లేకపోతే పేరు పక్కన ఎర్ర గడి వస్తుంది. అంతే.

మొదట తెలివితక్కువ పని చేసేను. ఇక్కడ మనవాళ్లంతా గ్యాంగు లెక్కే కదా. "మా గ్యాంగుకి వెల్డింగొచ్చు, క్రేనొచ్చు" అంటారు గానీ, ఎవరికొచ్చో చెప్పరు. నేనూ గ్యాంగు పేరు మీదే ఎక్కించేసేను. ఒక్క ఎరుపు లేదు! మేనేజరు చూసి, "అచ్ఛా, అయితే మన టీ తాత కూడా క్రేన్ నడుపుతాడా?" అని నవ్వేడు. నిజమే, టీ కాసే తాతా ఆ గ్యాంగులోవాడే. సిగ్గుతో చచ్చేను. మళ్లీ మనిషి మనిషికీ విడివిడిగా ఎక్కించేను.

అప్పుడు క్రేన్ పని దగ్గర చిన్నాన్న పేరు ఎర్రబడింది. కంటి పరీక్ష లేదని. ఎక్కడ తప్పుతానో అని ఆయన వెళ్లడం మానేసేడు. ఆయనకి చూపు ఆనదని గ్యాంగందరికీ తెలుసు. కింద నుంచి ఒకడు "ఇటు, ఇంకాస్త ఇటు" అని అరుస్తా ఉంటే పైన ఈయన ఇనుము దింపుతన్నాడు. కింద మనుషులు తిరుగుతంటారు నాన్నా.

ఫోర్‌మన్ ఆయన్ని క్రేన్ దింపి స్టోర్లో కూచోబెట్టేడు. ఆరోజు నుంచి చిన్నాన్న నాతో మాట్లాడలేదు. పిన్నయితే, "ఒలమ్మీ, నీకు కూడెట్టినోడి పేరే దొరికిందేటి? తీసెయ్ ఆ ఎరుపు" అంది. తీసెయ్యడం ఎంతసేపు? క్రేన్‌కి కంటి పరీక్ష అక్కర్లేదని మార్చేస్తే చాలు. నేను మార్చలేదు. "కంప్యూటర్లో కళ్లు బాగుపడితే ఏటి లాభం పిన్నీ?" అన్నాను. పొగరంది. మర్నాటి నుంచి నాకు మధ్యాన్నం అన్నం డబ్బా కట్టడం మానేసింది. రాత్రి కూడా పెడితే పెట్టేది, లేకపోతే లేదు. నేనూ అడగలేదు. నీ కూతుర్నే కదా, పంతం ఎక్కడికి పోతుంది?

చిన్నాన్న చెప్పాపెట్టకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చేడట. నిన్న సాయంత్రం కళ్లద్దాలతో గుమ్మంలోకి వచ్చేడు. "గోడకి ఇన్ని మరకలేటే!" అన్నాడు పిన్నితో. తర్వాత నాకేసి చూసి ఆగిపోయేడు.

"ఏటమ్మా, ఇలా చిక్కిపోయేవు? మా అన్నకి నేనేటి చెప్పేది?"

పిన్ని లోపలికెళ్లి అన్నం వడ్డించింది. నాకు ఏడుపాగలేదు. ఏడుస్తానే తిన్నాను.

డాక్టరు కాయితం ఇంకా రావాలి. అప్పటిదాకా ఆ ఎరుపు అలాగే ఉంటుంది, చిన్నాన్నకీ చెప్పేను. ఉండనీ అన్నాడు.

ఇటొచ్చేవాళ్లెవరైనా ఉంటే చింతకాయ పచ్చడి పంపండి, పిన్నికిష్టం. నాయనమ్మకి నా దండాలు. మీ దీవెన నామీద ఉంచండి. అమ్మకి మాత్రం చిక్కేనని చెప్పకు. పైన వేళకి తింటన్నానని రాసేను కదా, అది నిన్నట్నుంచి నిజం.

నీ కూతురు
సుగుణ