బానెట్ మీద చెయ్యి

నాచారం, ఆదివారం రాత్రి

పాత లారీల వాట్సాప్ గ్రూపులో మా ఆయన బండి ఫొటో పెట్టాను. ఆయన పోయాక ఇంట్లో దాని ఊసెత్తేవాళ్లు లేరు. రోజంతా ఫోన్ మోగుతూనే ఉంది. హెడ్‌లైట్లు చూసి ఏ కాలం బండో తేల్చారు. చెక్క క్యాబిన్ ఎక్కడ కట్టించి ఉంటారని కొట్టుకున్నారు. చక్రాల నట్ల దాకా చూశారు గానీ, పక్కన నిలబడ్డ మనిషి ఎవరని ఒక్కరూ అడగలేదు.

సాయంత్రం గ్రూపు నడిపే ఉప్పల్ యాదగిరి ఫోన్ చేశాడు. "అక్కా, బండి మస్తుగుంది! గ్రూపుకు గదే డీపీ పెట్టిన, సూడు."

చూశాను. ఆ గుండ్రంలో బండి మొత్తం పట్టాలని ఆయన్ని కత్తిరించేశాడు. బానెట్ మీద ఆయన చెయ్యి మాత్రం మిగిలింది.

మార్చమందామనుకున్నాను. మారిస్తే ఆ చెయ్యి కూడా పోతుందేమో...