జెండా దిమ్మె దగ్గర పడుగు

నాన్నకి,

శంకర్ నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. షోలాపూర్‌లో నువ్వూ, అక్కా, బావా, పిల్లలూ బాగుంటే అంతే చాలు. ఫోన్ ఆన్ చేస్తే పోలీసులు పట్టేస్తారని నీకు ఎవరు చెప్పారో గానీ, ఏడో తరగతితో పలక పారేసిన వాడి చేత ఉత్తరాలు రాయిస్తున్నావు. తప్పులుంటే అక్కని సరిచేసి చదవమను.

నువ్వు అడిగినవి ముందు చెప్తాను. అమ్మ మోకాలు నెమ్మదించింది. ఇంటి వెనక రేకు నేనే ఎక్కి బిగించాను, ఇప్పుడు కారడం లేదు. మీ నాయకుడు వెంకటసుబ్బారావు గారు నీ కేసుకి లాయర్ని పెట్టారా అని అడిగావు. పెట్టలేదు. నీ గురించి అడుగుతున్నారా అన్నావు. అది చెప్పడానికే ఈ ఉత్తరం ఆలస్యం చేశాను.

కిందటి నెల ఆయన కారు ఆటోనగర్‌లో నేను పనిచేసే మెకానిక్ షెడ్డుకే వచ్చింది. బంపర్ మీద జెండా కర్ర పెట్టే క్లిప్పు మార్చాలని, అద్దం మీద పాత స్టిక్కర్ తీసి కొత్తది వేయాలని డ్రైవర్ చెప్పాడు. కొత్త స్టిక్కర్ విప్పి చూశాను. వీరభద్రం మావయ్య వాళ్ళ పార్టీది. ఏ గుర్తు కోసం నువ్వు సొంత బావమరిదిని తోసి చెయ్యి విరగ్గొట్టావో, ఆ గుర్తుని నేనే బ్లేడుతో గీకి తీశాను నాన్నా. మొండిగా అంటుకుపోయి ఉంది, ఓ పట్టాన రాలేదు.

ఆయన వెనక సీట్లో ఫోన్ చూసుకుంటున్నారు. నేను వంగి, ఫలానా వాళ్ళ అబ్బాయినండీ, మా నాన్న మీద కేసు ఉందండీ అని చెప్పాను. ఏ కేసు అన్నారు. మన వీధిలో ఆయన పార్టీ జెండా దిమ్మె కట్టినప్పటి గొడవ అని గుర్తు చేశాను. అప్పుడు నవ్వారు.

"అవన్నీ పాత విషయాలు తమ్ముడూ. ఇప్పుడు అందరం ఒకటే కదా."

"అయితే మా నాన్న ఇంటికి వచ్చేయొచ్చాండీ?"

"అది పోలీసోళ్ళ పని. అందులో మనం జోక్యం చేసుకోకూడదు."

అద్దం పైకి వెళ్ళిపోయింది. చేతిలో బ్లేడు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో, మా మేస్త్రి హనుమయ్య గారు వచ్చి భుజం తట్టేదాకా తెలియలేదు.

తర్వాత ఆయన మనుషులు మన వీధికి వచ్చి దిమ్మెకి కొత్త పార్టీ రంగు వేసి పోయారు. అదే దిమ్మె నాన్నా. ముత్తాతల నాటి నుంచి మగ్గానికెక్కించే పడుగు దారాలు సాగదీయడానికి గుంజ పాతే చోటు అది, ఇక్కడ సిమెంటు పోస్తే మన నోట్లో మట్టి కొట్టుకున్నట్టే అని మావయ్య ఆ రోజు మొత్తుకున్నాడు. అందులో తప్పేముంది? పార్టీలు వేరు కాబట్టి నీకు ఆ మాట కుట్రలా వినిపించింది. పోనీ, ఇప్పుడు మావయ్య గెలిచాడా అంటే అదీ లేదు. ఇన్నేళ్ళు జెండా మోసిన మావయ్య లాంటి వాళ్ళని వెనక్కి నెట్టి, ఆ పార్టీ వాళ్ళు మొన్న వచ్చిన వెంకటసుబ్బారావు గారికి ముందు కుర్చీ వేశారు. మావయ్య కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఆ రంగు వైపు చూస్తూ అరుగు మీదే కూర్చున్నాడు.

నాయకులకి బాగానే ఉంది. మనకే వీధి రెండయింది. గొడవ తర్వాత ఈ వైపు పడుగుకి ఆ వైపు మనిషి రావడం మానేశాడు. రెండు వారాల కిందట ఓ పొద్దున్నే అమ్మ గంజి పెట్టిన పడుగు వీధిలో పరిచింది. దిమ్మె అడ్డం కాబట్టి వంకరగా పరవాల్సి వచ్చింది. ఒక కొస నేను పట్టుకున్నాను, రెండో కొస అమ్మ. మధ్యలో దారాలు విడదీస్తూ కుంచె వేసే వాళ్ళు లేరు. ఎండ ఎక్కుతోంది, దారాలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. అమ్మ ఎవర్నీ పిలవలేదు, తల దించుకుని లాగుతోంది.

అప్పుడు మావయ్య లేచి వచ్చాడు. అమ్మ చేతిలో ఉన్న కొస కర్ర తను మంచి చేత్తో తీసుకుని, నడుముకి ఆనించి వెనక్కి లాగి పట్టాడు. అమ్మ కుంచె అందుకుంది. తర్వాత రాజ్యలక్ష్మి అత్తయ్య వచ్చింది, ఆ వెనకే ఇంకా ఇద్దరు ముగ్గురు. పడుగు దక్కింది.

ఇక నీ దగ్గర దాచిన సంగతి. ఆటోనగర్ పని మానేశాను. కోపం తెచ్చుకోకు. మావయ్య మణికట్టు తిరగడం లేదు, పేక దారం నడిపే నాడె విసరలేడు. రోజూ పొద్దున్నే వెళ్ళి ఆయన మగ్గం గుంటలో నేను కూర్చుంటున్నాను. మగ్గమంటే పారిపోయిన వాణ్ణి, ఇప్పుడూ నాకు ఇష్టం లేదు. నడుము లాగేస్తోంది. ఆయన పక్కన కూర్చుని నా తప్పులన్నీ ఏకరువు పెడతాడు. "మీ నాన్నలాగే తొందరరా నీకు, చెయ్యి ముందు, బుర్ర వెనక" అన్నాడు నిన్న. నువ్వు వెళ్ళాక నీ ఊసెత్తడం అదే మొదలు. కేసు సంగతి అప్పుడే అడిగాను.

"బావ వచ్చి నా ఎదురుగా నిలబడి, తప్పయిందిరా అంటే చాలు. లోక్ అదాలత్‌లో రాజీ పడతాను. మధ్యలో ఒక్క నాయకుడు కనబడ్డాడా, చచ్చినా సంతకం పెట్టను" అన్నాడు.

ఆ ఒక్క మాట నీకు ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ నువ్వు ఎవరి కోసం బింకం పట్టుకుని కూర్చున్నావో ఆయన కారు అద్దం నేను తుడిచాను నాన్నా. అందులో నువ్వు లేవు.

వచ్చే శుక్రవారం మావయ్య పడుగు వీధిలో వేస్తున్నాం. ఉయ్యూరులో దిగితే నేను బండి తీసుకుని వస్తాను. ఒక కొస మావయ్య పట్టుకుంటాడు, కుంచె అమ్మా అత్తయ్యా వేస్తారు. రెండో కొసకి నేను ఎవర్నీ పిలవలేదు.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
నీ కొడుకు,
శంకర్