ముందే పెట్టిన టిక్కు

4 జూన్ 2007, సోమవారం

గోవిందయ్య సార్ ఈ డైరీ ఇచ్చారు. ఇంటర్లో నాకు తెలుగు చెప్పిన సార్. రోజుకొక కొత్త మాటైనా రాయమన్నారు. ఇవాళ్టి మాట ‘అక్షయం’. చక్కెర బిళ్ళలాగా నోట్లో పెట్టుకుని తిరిగాను.

తిరుపతి కాలేజీలో బి.ఏ. స్పెషల్ తెలుగు ఉంది. ఈ ఏడాది నుంచి అప్లికేషన్ నెట్లోనే పెట్టాలి. నాయన ఒకటే మాట చెప్పాడు. హాస్టల్ దొరికితే పో, లేదంటే మన ఊరు నగరిలోనే సదువుకో, దినామూ బస్సులో తిరుపతికి పొయ్యొచ్చేది నాకొద్దు అని. అమ్మ రాట్నం దగ్గర కూర్చుని నూలు కండెలు చుడుతూనే ఉంది. నాయన కరెంటు మగ్గానికి కండెలన్నీ అమ్మ చేతివే.

6 జూన్, మధ్యాహ్నం 3

బస్టాండు దగ్గర మునిప్రసాద్ అన్న నెట్ సెంటర్. ఇన్‌స్ట్రక్షన్స్ అన్నీ రెండుసార్లు చదివాను. పక్కన నిలబడి అన్న ఒకటే ఎగతాళి. ఏం పాపా, ఫారం నింపతా ఉండావా, పురాణం సదవతా ఉండావా, ఎనక నలుగురు కూసోనుండారు అని.

హాస్టల్ కావాలా అని ఎక్కడైనా అడుగుతారేమోనని పైనుంచి కిందిదాకా వెతికాను. లేదు. అది కాలేజీలో అడగతార్లే అన్నాడు అన్న. కింద ఎడమవైపు సబ్మిట్ ఉంది. నొక్కాను. ప్రింటర్లో ఇంకు లేదని నంబరు మాత్రం చీటీ మీద రాసిచ్చాడు.

11 జూన్

నాయన పుత్తూరు నుంచి ట్రంకు పెట్టె తెచ్చాడు. మూత మీద పెయింటుతో ‘ఇ. పవిత్ర, బి.ఏ.’ అని రాయించాడు. ఎండలో ఆరబెట్టాం.

20 జూన్

సీటు వచ్చింది! లిస్టులో నాలుగో పేరు నాది.

22 జూన్, శుక్రవారం

చేరడానికి తిరుపతి వెళ్ళాం. ఆడపిల్లల కాలేజీ, మగవాళ్ళను గేటు దగ్గరే ఆపేశారు. నాయన బయట ఉండిపోయాడు. నేను లోపలికి వెళ్ళాను.

మీకు హాస్టల్ లేదు కదమ్మా అన్నాడు క్లర్కు. నేను వద్దనలేదు కదా సార్, ఎవరూ నన్ను అడగలేదు అన్నాను. ఆయన మానిటర్ నా వైపు తిప్పాడు. పెద్ద మానిటర్. నేను నింపిన పేజీయే. దానికి కుడివైపు ఇంకో వరస ఉంది. అందులో చిన్న పెట్టె, పెట్టెలో టిక్కు. పక్కన ఇంగ్లీషులో, నాకు హాస్టల్ అవసరం లేదు అని.

మునిప్రసాద్ అన్న మానిటర్ చిన్నది. ఆ వరస దాని అంచు అవతల ఉండిపోయింది. నేను కిందికి జరిపాను. పక్కకు కూడా జరపాలని తెలియదు.

ఇంత పెద్దగా ఉండాదే, కనపళ్ళేదా అన్నాడు క్లర్కు. నేను పెట్టలేదు సార్ అన్నాను. అవునమ్మా, మేమే ముందుగా పెట్టి ఉంచినాము, సగం మంది ఊర్లో పిల్లోళ్ళే గదా, వాళ్ళకు సులువుగా ఉంటుందని అన్నాడు. తీసెయ్యండి అన్నాను. లిస్టు అయిపోయినాక కంప్యూటర్ ఒప్పుకోదంట. గదులున్నాయా అని అడిగాను. పద్నాలుగు ఖాళీగా ఉన్నాయంట. ఆ మాట చాలా మర్యాదగా చెప్పాడు. నా అప్లికేషన్ ప్రింటు తీసి చేతికిచ్చాడు.

నాకు ఏడుపు రాలేదు. గేటు దాకా నడిచాను.

అదే రోజు, సాయంత్రం

బస్సులో నాయన ఒక్కసారే అడిగాడు, హాస్టల్ ఇచ్చినారా అని. తల అడ్డంగా ఊపాను. ఇంటికొచ్చాక ఆ కాయితంలో ఏముండాదో సదువు అన్నాడు. చదివాను. ఇంగ్లీషు నాకేం దెలుసు, తెలుగులో సెప్పు అన్నాడు.

“నాకు హాస్టల్ అవసరం లేదు.”

కరెంటు పోయి ఉంది. వీధిలో ఒక్క మగ్గమూ ఆడటం లేదు. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. లోపల రాట్నం ఆగింది.

ముందే సెప్పుంటే ట్రంకు పెట్టి కొనకపోదును గదమ్మా అన్నాడు నాయన. తర్వాత మెల్లగా, మీ అమ్మను ఇడిసి ఉండలేవా అన్నాడు. అది కాదు నాయనా అనబోయాను. అమ్మ గడపలో నిలబడి ఉంది, చేతిలో కండె. ఇన్ని రోజుల్లో అమ్మ ముఖం అంత తేటగా ఉండటం చూడలేదు.

కాయితం మడిచి డైరీలో పెట్టుకున్నాను.

25 జూన్

పక్కింటి నాగులమ్మత్తకు అమ్మ చెబుతుంటే విన్నాను. నన్నిడిసి ఉండలేకనే హాస్టలు వద్దని రాసేసింది సూడు నా బిడ్డ అని. అత్త ఊరుకునే రకం కాదు. నీ కోడి నీ గంప కిందనే ఉండాదిలే వరదమ్మా, ఇంక కూడు తిను, ఇరవై దినాలైంది నువ్వు సరిగ్గా తిని అంది.

అమ్మ తినని సంగతి నాకు తెలియదు. నేను మాటలు రాసుకుంటూ ఉన్నాను.

2 జూలై

ఇక్కడి కాలేజీలో చేరాను. బి.కాం. కంప్యూటర్స్. స్పెషల్ తెలుగు లేదు.

19 జూలై

ఈరోజు మాట ఏమీ లేదు.

27 ఆగస్టు, సోమవారం

ల్యాబ్. ఫారం తయారుచేయడం నేర్పారు. చిన్న పెట్టెలో టిక్కు ముందే ఉండాలంటే ఒక మాట టైప్ చేయాలి. చెక్డ్. ఒక్క మాట, అంతే. తీసేస్తే పెట్టె ఖాళీ. నాలుగుసార్లు తీశాను. నాలుగుసార్లు పెట్టాను. బాగా చేస్తా ఉండావు అన్నారు మేడమ్.

ట్రంకు పెట్టెలో అమ్మ కండెలు పోసుకుంది.

2 సెప్టెంబరు, ఆదివారం

నాగులమ్మత్త అడిగింది. నిజంగా నువ్వే వద్దన్నావా పాపా, లేకుంటే వాళ్ళే ఇయ్యలేదా అని.

అమ్మ నా వైపు చూడలేదు. రాట్నం ఆగింది.

నేనే అత్తా, నేనే టిక్కు పెట్టినాను అన్నాను.

రాట్నం తిరిగింది.