తెర మీద నా చేతులు

జూన్ 18
టీచరమ్మ పిలిపించింది. పాప వేళ్లలో పట్టు లేదట. పెన్సిల్ జారిపోతోందట. బడిలో ఇచ్చిన గుండీల గుడ్డ మీద ఒక్క గుండీ కూడా పెట్టలేకపోయిందట. ఏడాది చివరికీ ఇలాగే ఉంటే ఒకటో తరగతికి పంపడం కష్టమంది.
ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, అంతా మీ చలవే అంది. నిజమే. లేకలేక నా యాభై ఎనిమిదో ఏట పుట్టిన పిల్ల. నలభై ఏళ్లుగా దర్జీని. బంగారుతల్లి కష్టపడకూడదని యూనిఫాంకి పైన ఉత్తుత్తి గుండీలు కుట్టి, లోపల వెల్క్రో పెట్టాను!

జూన్ 19
వెల్క్రో అంతా ఊడదీశాను. కాజాలు కుడుతూ ఏడ్చాను.

జూలై 3
క్లాసులో గోడంత స్క్రీన్ ఉంది. గుండీ పెట్టే చేతుల వీడియో స్లోగా వేసి, ఆపి, మళ్లీ వేస్తే పిల్లలు చూస్తూ చేస్తారట. అందుకు నా చేతులే కావాలంది టీచరమ్మ! తాతగారూ, ఈ పనిలో మిమ్మల్ని మించినవాళ్లెవరండీ అని, నాలిక కరుచుకుని, అదే, నాన్నగారూ అంది. ఏమని పిలిస్తే ఏం! ట్యాబ్‌తో తీసింది. ఇన్నేళ్లూ నేను కుట్టిన బట్టల్ని చూశారు గాని, చేతుల్ని చూసినవాళ్లు లేరు.

జూలై 9
నాన్నా, బళ్లో నీ బొటనవేలు తలుపంత ఉంది అంది పాప.

ఆగస్టు 27, సాయంత్రం 5
పెట్టింది! ఒకటి కాదు, నాలుగు గుండీలూ! పెన్సిల్ కూడా గట్టిగా పడుతోందట. ఇలాగే సాగితే ఒకటో తరగతికి ఢోకా లేదందట టీచరమ్మ. వీధిలో కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పాను. గుండీ పెడితేనే ఇంత గోలా, రేపు పెళ్లైతే ఊరు ఎత్తేస్తావేమో అన్నాడు ఇస్త్రీ ఆయన. ఎత్తేస్తాను! తప్పకుండా ఎత్తేస్తాను!

సెప్టెంబర్ 2
కిటికీలోంచి క్లాసు చూశాను. ఇరవై మంది పిల్లలు. గుండీని కాజా దాకా తెచ్చి, చెయ్యి రెండుసార్లు గజగజ ఆడించి, అప్పుడు దూరుస్తున్నారు. మా పాప కూడా అంతే. అందరూ అంతే. ఇదేం ఆటమ్మా అని నవ్వాను. టీచరమ్మ నవ్వలేదు. వీడియోలో మీరలాగే చేస్తారండీ, నేనూ మొన్నే గమనించాను అంది. వేసి చూపించింది.
ఎప్పటినుంచి వణుకుతున్నాయో. సూదిలో దారం ఎక్కనప్పుడల్లా పాపం కళ్లని తిట్టుకున్నాను.

సెప్టెంబర్ 3
వేరేవాళ్ల చేతులతో కొత్త వీడియో తీద్దామంటే పాప ఒప్పుకోలేదట. అలా ఆడించకపోతే గుండీ ఎక్కదు టీచర్, మా నాన్నకి తెలుసు అందట.