శ్రావణి గీయని కేంద్రకం

మంగళవారం

ల్యాబ్‌లో ఉల్లిపొర మీద అయోడిన్ చుక్క వేయడం ఇవాళ మర్చిపోయాను. రంగు లేకపోతే కణంలో కేంద్రకం సరిగ్గా కనబడదు. అయినా పిల్లలందరూ పుస్తకంలో ఉన్నట్టే గుండ్రంగా గీసేశారు. మద్దిలపాలెం నుంచి వచ్చే శ్రావణి మాత్రం ఖాళీ గదులు గీసింది.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"లోపల నాకేటీ కనిపించనేదు మేడమ్."

మొట్టమొదట కణాలను చూసినాయన కూడా ఎండిన బెరడులో ఖాళీ గదులే చూశాడు, చూసినంతే గీశాడు. లోపలేముందో తెలియడానికి తరాలు పట్టింది. శ్రావణికి పదికి పది వేశాను. పరీక్షలో బయటి ఎగ్జామినర్ మార్కులు కోసేస్తాడేమో... కోస్తే నేనే మాట్లాడతాను.

తర్వాత అయోడిన్ వేసి చూపించాను.

"అమ్మో, ఉన్నాది మేడమ్!" శ్రావణి గంతేసింది.

మిగతావాళ్ళూ వరసగా చూశారు. ముందే గీసేసుకున్నారు కదా, ఒక్కరూ ఆశ్చర్యపోలేదు.