మడత కంప్యూటర్ వచ్చిన రోజు

హాలియా, సోమవారం, 1997 మే.

మా సాబ్ వడ్ల దుకాణానికి ఇవాళ హైదరాబాద్ నుంచి మడత కంప్యూటర్ అమ్మే ఏజెంట్ వచ్చాడు. అది కొంటే గుమాస్తా అక్కర్లేదని వారం నుంచి బజార్లో అంటున్నారు. పన్నెండేళ్లుగా ఆ గుమాస్తాను నేనే.

ధర లక్షా ముప్పై వేలనగానే పక్క దుకాణం యాదగిరి, "గా పైసలకు పాత ట్రాక్టరొస్తది, మీద కూసోని పోవచ్చు" అన్నాడు. కరెంటు లేకున్నా మూడు గంటలు నడుస్తుందన్నాడు ఏజెంట్. పరీక్షించడానికి మేమేమీ చేయనక్కర్లేకపోయింది. ఎప్పటిలాగే పదింటికి కరెంటు పోయింది. నలభై నిమిషాలకు తెర నల్లబడింది.

తూకమైన వడ్లకు చీటీలు రాయించుకోవాలని రైతులు నిలబడే ఉన్నారు. సాబ్ నా వైపు తిరిగి, "నర్సింహా, నువ్వే రాయి. నువ్వైతే కరెంటు లేకున్నా నడుస్తవ్" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చీటీల పుస్తకం తీశాను.

అయితే ఆ నలభై నిమిషాల్లోనే అది నా వారం కూడికలన్నీ తప్పు లేకుండా చేసింది. అమ్ముడుపోని మిషన్‌తో ఏజెంటును బస్సెక్కించేటప్పుడు మెల్లగా అడిగాను.

"నాసోంటోడు గిది నేర్సుకోవాలంటే ఎన్ని దినాలు పడ్తది, సార్?"

"నెల చాలు."

ఆయన మూడు గంటలు మాకు నలభై నిమిషాలయ్యాయి. ఆ లెక్కన ఆయన నెల నాకు నాలుగున్నర నెలలు. సాబ్ ఇంకో మిషన్ పిలిపించేలోగా ఆ మాత్రం వ్యవధి ఉంటుందనే నా ఆశ.